మంచి పేషెంటు

పోయిన నెల ఒక మధ్యాహ్నం కార్ఖానా ఏరియాలో మా ఇంట్లో బట్టలు మడతపెడుతుంటే పెద్దమ్మ ఫోన్ చేసింది. "మీ పెదనాన్నకి నొప్పి పోయిందే అమ్మా" అంది. నాకు అర్థం కాలేదు. కొత్త మందేదో పనిచేసిందనుకుని హమ్మయ్య అని కూడా అన్నాను. అవతల ఆవిడ వెనక ఎవరిదో ఏడుపు వినపడేసరికి తెలిసింది.

ఏ.ఎస్. రావు నగర్‌లో ఆయనతో పొద్దున్నే నడిచే స్నేహితులు, ఆయన దగ్గర పని నేర్చుకున్న కంపెనీ వాళ్లు అందరూ వచ్చారు. క్యాన్సరట, ఏం చేస్తాం, అది ఎవరిని వదిలింది కనక, అని తలా ఒక మాట అని వెళ్లారు. నేనూ తల ఊపాను. కానీ మీతో చెప్పాల్సింది వేరే ఉంది. మా పెదనాన్న ప్రాణం తీసింది క్యాన్సరే కావచ్చు. దానికి తలుపు తీసి, కుర్చీ వేసి, కాఫీ ఇచ్చి కూర్చోబెట్టింది మాత్రం మర్యాద. మొహమాటం గురించి మనవాళ్లకి ఒక ముతక సామెత ఉంది. మీకూ తెలుసు, ఇక్కడ రాయను. ఆయన బతికుంటే "కోపం మీద ఉన్నప్పుడు ఏదీ రాయకు తల్లీ, పొద్దున్నకి చల్లారుతుంది" అనేవారు. ఎన్ని పొద్దులు తెల్లారినా నాకు చల్లారలేదు, అందుకే రాస్తున్నాను.

ఆయన మా నాన్నకి అన్నయ్య. పిల్లలు లేరు కాబట్టి నేనే ఆ ఇంటి పిల్లని. కృష్ణా జిల్లా నుంచి ఉద్యోగానికని వచ్చి ఇక్కడి ఎలక్ట్రానిక్స్ కంపెనీలో చేరి, అక్కడే రిటైరయ్యారు. ఆయన పని తనిఖీ. తయారైన సర్క్యూట్ బోర్డు ఆయన బల్ల మీదకి వస్తే, మీటరు పెట్టి చూడనిదే పాస్ చేసేవారు కాదు. నెలాఖరు, సరుకు బయటికి వెళ్లాలి, పైవాళ్లు తిడుతున్నారు అని ఎంత బతిమాలినా వినేవారు కాదట. "చూడకుండా బాగుందన్నామంటే అది బాగున్నట్టు కాదు, మనం అలిసిపోయినట్టు" అనేవారట. పదో రోజున వచ్చిన ఆయన శిష్యుడొకాయన కళ్లు తుడుచుకుంటూ ఈ మాట చెప్పాడు. అందరికీ కళ్లు చెమ్మగిల్లాయి. నాకు ఒళ్లు మండింది. ముక్కూమొహం తెలియని బోర్డుకి ఇచ్చిన విలువ తన ఒంటికి ఇచ్చుకోలేదు ఆయన.

డాక్టరు దగ్గరికి వెళ్లే రోజు ఆ ఇంట్లో పెళ్లికి వెళ్తున్నంత హడావిడి. నున్నగా గడ్డం గీసుకునేవారు. ఇస్త్రీ చొక్కా, లోపల ఆ రోజుకని దాచిపెట్టిన కొత్త బనీను, మెడకి పౌడరు. బనీను ఎందుకు పెదనాన్నా, ఎవరు చూస్తారు అంటే, స్టెతస్కోపు పెట్టేటప్పుడు ఆయనకి చీదర పుట్టకూడదు కదా అనేవారు. నిజానికి ఆ స్టెతస్కోపు ఆయన గుండె మీదకి వచ్చి చాలాకాలమైంది. అయినా బనీను కొత్తదే. "రోగి అన్నవాడు చుట్టంలా వెళ్లాలి, అప్పులవాడిలా కాదు" అన్నది ఆయన సూత్రం. గుమ్మంలో నిలబడి ఇది కావాలి, అది తగ్గలేదు అని పీకల మీద కూర్చోవడం ఆయన దృష్టిలో సంస్కారం లేనివాళ్ల పని.

లోపలికి వెళ్లగానే డాక్టరు గారు "ఎలా ఉన్నారు?" అంటారు. ఈయన చేతులు జోడించి "బాగానే ఉందండి, మీ దయ" అంటారు. నొప్పి ఉన్నా అదే మాట. పోయినసారి రాసిన మందు వికటించి రెండు పూటలు అన్నం ముట్టకపోయినా "సగం నయమండి" అనే చెప్పేవారు. ఎందుకు ఆ అబద్ధం అని నేను మొదట్లో నవ్వుతూనే అడిగాను. ఆయన కూడా నవ్వుతూనే, "పాపం అంత ఆలోచించి రాశాడే ఆయన. తగ్గలేదని మొహం మీద ఎలా చెప్తాం? కూర బాలేదని వడ్డించిన మనిషితో అంటామా?" అన్నారు. అప్పటికి అది వేళాకోళం. తర్వాత అది వేళాకోళం కాకుండా పోయింది.

ఆ డాక్టరు గారి సంగతి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. చాలా ఏళ్ల కిందట ఆయన మా పెదనాన్నగారి వీధి చివర, మిఠాయి కొట్టు పక్కన ఒకే ఒక్క గదిలో కొత్తగా బోర్డు పెట్టిన కుర్ర డాక్టరు. ఒక వానాకాలం మధ్యాహ్నం పెద్దమ్మకి ఉబ్బసం ముంచుకొచ్చి ఊపిరాడలేదు. పెదనాన్న గొడుగు కూడా లేకుండా పరిగెత్తారు. డాక్టరు గారు మోకాళ్ల దాకా తడిసిన ప్యాంటుతో మెట్లెక్కి వచ్చారు. ఇంజెక్షన్ చేసి వెళ్లిపోలేదు. సాయంత్రం దాకా మంచం పక్కనే కూర్చుని, ఏం తిన్నారు, ఇల్లు ఎప్పుడు దులిపారు, దుప్పట్లు ఎండలో వేసి ఎన్నాళ్లయింది, ఇంట్లో ఎవరితోనైనా మాటామాటా వచ్చిందా అని ఒక్కొక్కటే అడిగి తెలుసుకున్నారట. మధ్యలో మా వాళ్లు పెట్టిన పెరుగన్నం తిన్నారట. ఆ రోజు నుంచి పటం కట్టి గోడకి తగిలించలేదన్న మాటే కానీ, ఆ ఇంట్లో ఆయన దేవుడు. ఏటా నూజివీడు నుంచి రసాలు వస్తే మొదటి పళ్లు ఆయనకే. పెదనాన్న కూర్చుని ఒక్కో పండూ వాసన చూసి ఏరేవారు.

తర్వాత డాక్టరు గారు పైకొచ్చారు. ఒక్క గది పోయి పెద్ద ఆసుపత్రి వచ్చింది. టోకెన్లు వచ్చాయి, పేర్లు వరసగా కనిపించే టీవీ వచ్చింది, పక్కన కూర్చుని కంప్యూటర్‌లో కొట్టే అమ్మాయి వచ్చింది. పోయిందల్లా ఆ అడగడం. మా పెదనాన్నకి మాత్రం ఆయన ఇంకా తడిసిన ప్యాంటుతో మంచం పక్కన కూర్చున్న మనిషే. "మన డాక్టరు" అనేవారు. వేరే ఎవరి పేరైనా ఎత్తితే కట్టుకున్న పెళ్లాన్ని వదిలెయ్యమన్నట్టు చూసేవారు.

రెండు వానాకాలాల కిందట నడుం నొప్పి మొదలైంది. వెనక్కి ఆనుకుని కూర్చోలేక, పొట్ట దగ్గర తలగడ పెట్టుకుని ముందుకి ఒరిగి పేపరు చదివేవారు. ఆకలి తగ్గింది. ఎప్పుడూ అదుపులో ఉండే షుగరు ఉన్నట్టుండి పెరిగింది. డాక్టరు గారు షుగరు మాత్ర పెంచారు. కడుపులో ఎలా ఉందని ఆయన అడగలేదు, ఈయన చెప్పలేదు. కాస్త గ్యాసండి అని మాత్రం ఒకసారి అన్నారట, దానికీ ఒక మాత్ర వచ్చింది.

ఒకరోజు నేను వెళ్లేసరికి పెదనాన్న మహా ఉత్సాహంగా ఉన్నారు. "ఇవాళ నన్ను మెచ్చుకున్నారే" అన్నారు. ఏమనంటే, బరువు బాగా తగ్గారు, వెరీ గుడ్, నడక మానకండి, మిగతావాళ్లకి మిమ్మల్ని చూపించాలి అన్నారట డాక్టరు గారు. పరీక్షలో మొదటి మార్కు వచ్చిన పిల్లాడిలా చెప్తున్నారు. పక్కన పెద్దమ్మ ఆయన ప్యాంటు నడుం దగ్గర లోపలికి మడిచి పిన్నీసు పెడుతోంది. ఆవిడ తలెత్తి నన్ను చూసింది. ఆ చూపులో ఉన్న భయం నాకు అర్థమైంది. తిండి లేక తగ్గిన ఒళ్లు అది, నడిచి తగ్గింది కాదు.

తర్వాతిసారి పట్టుబట్టి నేనూ వెళ్లాను. బయట హాలునిండా జనం. చిలకలగూడ నుంచి వచ్చానన్న ఒక ఆవిడ, "పొద్దుగాల వచ్చి కూసున్న బిడ్డా, లోపలికి పోతే రెండు మాటలన్న మాట్లాడనిస్తరో లేదో" అని నాతో గోడు చెప్పుకుంది. మా పేరు రాగానే లోపలికి వెళ్లాం. డాక్టరు గారు స్క్రీన్ మీంచి కళ్లు తిప్పకుండానే ఎలా ఉన్నారన్నారు. పెదనాన్న నోరు తెరిచే లోపల నేను అందుకుని, నడుం నొప్పితో నిద్ర ఉండట్లేదు డాక్టరు గారూ, అన్నం సయించట్లేదు అన్నాను. పెదనాన్న నా మణికట్టు గట్టిగా పట్టుకున్నారు.

"అబ్బే, అదేం లేదండి. పిల్లకి కంగారు. బాగానే ఉంది" అన్నారు.

డాక్టరు గారు మొదటిసారి తలతిప్పి చూశారు. నన్ను చూశారు, ఆయన్ని కాదు. నవ్వి, "మీ పెదనాన్న నా మంచి పేషెంటమ్మా. ఏదైనా ఉంటే ఆయనే చెప్తారు" అన్నారు. మా వెనక తలుపు తెరుచుకుంది, తర్వాతి టోకెన్ వాళ్లు అప్పుడే లోపలికి వచ్చేశారు.

ఆటోలో నేను గొడవపడ్డాను. అడగందే అమ్మైనా పెట్టదంటారు, నోరు విప్పకపోతే ఆయనకి ఎలా తెలుస్తుంది అన్నాను. పెదనాన్న, "అమ్మకి చెప్పాలిటే? డొక్క చూస్తే తెలియదూ?" అన్నారు. ఆ ఒక్క మాటలోనే ఆయన మనసు నాకు తెలిసింది. ఆయన చెప్పకూడదని చెప్పకపోవడం కాదు. డాక్టరే చూస్తాడని ఎదురుచూస్తున్నారు. ఒకప్పుడు చూసిన మనిషే కదా. తల్లి కడుపు చూస్తుందట, మీ డాక్టరు కంప్యూటర్ చూస్తాడు పెదనాన్నా అన్నాను. ఆయన మందుల చీటీ మడిచి జేబులో పెట్టుకున్నారు.

చివరికి ఒకరోజు బాల్కనీలో ఎండలో కూర్చుంటే ఆయన కళ్లు పచ్చగా ఉండటం పెద్దమ్మ చూసింది. నేను వెళ్లి, మీ డాక్టరు కాదు, వేరే చోటికి పదమన్నాను. ఆయన ఒక షరతు మీద ఒప్పుకున్నారు. మన డాక్టరుకి తెలియకూడదు, ఆయన నొచ్చుకుంటాడు. ఇంకో ఆసుపత్రి మెట్లెక్కుతూ, తెలిసినవాళ్లెవరైనా చూస్తారేమోనని మాస్కు కళ్ల దాకా లాక్కున్నారు. తప్పు పని చేస్తున్నట్టు గోడవారగా నడిచారు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు నాకు.

అక్కడి డాక్టరమ్మ స్కాను చూసి, క్లోమం దగ్గర గడ్డ, లివరుకి కూడా పాకింది అని చెప్పింది. నొప్పి ఎన్నాళ్ల నుంచి అని అడిగింది. "ఈ మధ్యనేనండి" అన్నారు పెదనాన్న, అలవాటు చొప్పున. అప్పుడు మా పెద్దమ్మ, పెళ్లయిన దగ్గర్నుంచి నలుగురిలో ఆయన మాటకి అడ్డు చెప్పి ఎరగని మనిషి, "ఏడాది పైనే అయిందమ్మా. ఈయన అబద్ధం చెప్తున్నారు" అంది. పెదనాన్న తలదించుకున్నారు. ముందే వస్తే బతికేవారా అని నేను డాక్టరమ్మని తర్వాత ఒంటరిగా అడిగాను. ఈ జబ్బు సంగతి ఖాయంగా చెప్పలేనంది. కానీ అంత నొప్పి అన్నాళ్లు పడాల్సిన అవసరం మాత్రం లేదంది. నాకు మిగిలిన కోపమంతా ఆ రెండో మాట మీదే. చావు ఎవరి చేతిలోనూ లేకపోవచ్చు. నొప్పి ఉందా అని అడగడం ఒకరి చేతిలో ఉంది, ఉందని చెప్పడం ఇంకొకరి చేతిలో ఉంది.

వార్డులో ఉన్నప్పుడు కూడా ఆయన మారలేదు. పక్క మంచం ఆయన గట్టిగా మూలిగితే, సిస్టర్లు విసుక్కుంటారు పాపం అని వాళ్ల మీదే జాలిపడేవారు. ఒక సిస్టర్ వచ్చి, నొప్పి పదికి ఎంత తాతా అని అడిగింది. మూడు వేసుకో తల్లీ అన్నారు. ఆ పిల్ల రాసుకుని వెళ్లబోయి ఆగింది. ఆయన చెయ్యి మంచం కమ్మీ పట్టుకుని తెల్లగా పాలిపోయి ఉంది.

"మూడంటే నవ్వుకుంట ముచ్చట పెడతరు తాతా. నువ్వేందీ గిట్ల పట్టుకున్నవ్? నాకైతే నిజం చెప్పు, నేనేమనుకోను" అంది, ఆ చేతి మీద తన చెయ్యి వేసి.

మా పెదనాన్న ఏడ్చారు. నాకు ఊహ తెలిశాక ఆయన ఏడవడం చూసింది అదే మొదలు. "తొమ్మిదమ్మా" అన్నారు, ఎవరికీ వినపడకూడదన్నట్టు మెల్లగా. ఆ పిల్ల వెళ్లి పెద్ద డాక్టరుతో మాట్లాడి మందు మార్పించింది. ఆ సాయంత్రం ఆయన వెనక్కి ఆనుకుని పడుకున్నారు. వెల్లకిలా పడుకున్న ఆయన్ని చూసి ఎన్నాళ్లయిందో. ఆ తర్వాత ఇంటికి తీసుకొచ్చాం. వేసవి వచ్చింది, నూజివీడు నుంచి బుట్ట వచ్చింది. ఆయన తినలేరు. మన డాక్టరుకి పంపారా అని అడిగారు. నేను పంపలేదు. పంపానని చెప్పాను, ఆయన దగ్గర నేర్చుకున్న మర్యాదే అది.

కర్మలన్నీ అయిపోయాక ఒక ఆదివారం పొద్దున డాక్టరు గారు వచ్చారు. నడక స్నేహితుల్లో ఎవరో చెప్పారట. మనిషి నిజంగానే కుంగిపోయి ఉన్నారు, అది కాదనను. పెద్దమ్మ కాఫీ ఇచ్చింది. ఆయన గ్లాసు పట్టుకుని, నాకు ఒక్కసారి కూడా చెప్పలేదమ్మా, వచ్చిన ప్రతిసారీ బాగున్నాననే అన్నారు అని చాలాసేపు అదే తిప్పి తిప్పి అన్నారు.

"మీరు నమ్మారా?" అని అడిగాను.

ఆయన గ్లాసు కింద పెట్టి, "నమ్మాలనిపించేదమ్మా" అన్నారు. "పొద్దున్నించి అందరూ తగ్గలేదనే వస్తారు. ఈయనొక్కరే నవ్వుతూ వచ్చేవారు. ఆయన టోకెన్ వచ్చిందంటే నాకు కాస్త రెస్ట్."

"మీరు రెస్ట్ తీసుకున్నది మా పెదనాన్న నొప్పి మీద డాక్టరు గారూ" అన్నాను.

పెద్దమ్మ నన్ను కసిరింది. ఇంటికొచ్చినాయనతో ఏమిటా మాటలు, నీకు బుద్ధి లేదా అంది. ఆయన పరవాలేదమ్మా అన్నారు. పెద్దమ్మ ఊరుకోక, కిందిదాకా వెళ్లి సాగనంపి రమ్మని నన్ను లేవదీసింది. వెళ్లాను. లిఫ్టులో ఇద్దరం అద్దంలోకి చూడకుండా నిలబడ్డాం.

మా పెద్దమ్మ వాళ్ల అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ పెద్దవయసువాడు. కారు చూసి గేటు తీయడానికి కుర్చీలోంచి లేవబోయి, ఒకసారికి లేవలేక మళ్లీ కూర్చుని, రెండోసారికి లేచాడు. డాక్టరు గారు కారు తలుపు తీసినవారు తీసినట్టే ఆగిపోయారు. చెప్పుల్లో పట్టకుండా వాచిన ఆ కాళ్లు ఎప్పటినుంచి అలా ఉన్నాయని అడిగారు.

"ఏం లేద్సార్, మంచిగనే ఉన్న. జెర సేపు నిలబడితే గిట్లయితయి, గంతే" అన్నాడు వాచ్‌మన్, నవ్వుతూ.

డాక్టరు గారు కారు తలుపు వేసేశారు. వాచ్‌మన్‌ని కూర్చోమని, ఎండలో సిమెంటు నేల మీద ఆయన ముందు గొంతుక్కూర్చున్నారు. ప్యాంటు పైకి లాగమన్నారు. పడుకుంటే ఆయాసం వస్తుందా, ఎన్ని తలగడలు పెట్టుకుంటున్నావు, ఒంటేలు సరిగ్గా వస్తోందా, అన్నంలోకి ఏం తింటున్నావు, రాత్రి మధ్యలో లేచి కూర్చుంటున్నావా. అతను పరవాలేద్సార్ అన్నప్పుడల్లా, "పరవాలేదు సంగతి తర్వాత, ఉన్నది చెప్పు" అని మళ్లీ అడిగారు. మెల్లమెల్లగా వాచ్‌మన్ చెప్పడం షురూ చేశాడు. మెట్లెక్కలేకపోతున్న సంగతి, కూర్చునే నిద్రపోతున్న సంగతి, కొడుక్కి కూడా చెప్పని సంగతి. నేను గేటు పట్టుకుని వింటున్నాను. ఎవరో ఒకరికి మేలు జరుగుతోంది, సంతోషించాలి కదా. నాకు గేటు విరగ్గొట్టాలనిపించింది. ఈయనకి అడగడం వచ్చు. ఇన్నేళ్లలో ఏమీ మర్చిపోలేదు.

డాక్టరు గారు ముసలాయన కాలి ఎముక మీద బొటనవేలు పెట్టి నొక్కి, కాసేపు అలాగే ఉంచి తీశారు. అక్కడ లోతుగా గుంట పడింది. ఇద్దరూ తలలు వంచి అది పూడుకుంటుందేమోనని చూస్తూ కూర్చున్నారు.